బ్రౌజర్‌లో పట్టుకున్న రిక్వెస్టును పోస్ట్‌మ్యాన్‌లోకి తెచ్చుకునే పద్ధతి

ఒక వెబ్ పేజీలో ‘సేవ్’ బటన్ నొక్కినా ఏమీ జరగనప్పుడు, లోపం తెర మీది ఫారంలో ఉందా, వెనక ఉన్న సర్వర్‌లో ఉందా అని ఊహించడం కన్నా, బ్రౌజర్ సర్వర్‌కు నిజంగా పంపిన రిక్వెస్టును (అభ్యర్థనను) బయటికి తీసి, ఏపీఐ (ప్రోగ్రాములు సర్వర్‌తో మాట్లాడే దారి) టెస్టింగ్ టూల్ నుంచి దాన్నే మళ్లీ పంపి చూడడం మేలు. అక్కడా అదే తప్పు వస్తే లోపం ఫారం పంపిన సమాచారంలోనో సర్వర్‌లోనో ఉన్నట్టు. అక్కడ సరిగా పనిచేస్తే తెర మీది పేజీ ఆ జవాబును ఎలా వాడుకుంటోందో పరిశీలించాలి. చాలా టీముల్లో ఏపీఐకి సంబంధించిన పత్రాలు అసలు ఉండవు, ఉన్నా ఏడాది పాతవై ఉంటాయి. అలాంటి చోట బ్రౌజర్ పంపిన రిక్వెస్టును మించిన ఆధారం మరొకటి లేదు. ఏ చిరునామాకు, ఏ పద్ధతిలో (గెట్, పోస్ట్ లాంటివి), ఏ హెడర్లతో (రిక్వెస్టుతో పాటు వెళ్లే అదనపు వివరాలు), ఏ సమాచారం వెళ్లిందో అందులో ఉన్నదున్నట్టు కనిపిస్తుంది.

ఇక్కడ నేను క్రోమ్ బ్రౌజర్‌నూ, ఏపీఐ టెస్టింగ్ టూల్ అయిన పోస్ట్‌మ్యాన్‌నూ ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఇన్‌సామ్నియా, బ్రూనో, హాప్‌స్కాచ్ అనే ఇలాంటి టూల్స్ వాడేవారికి కూడా మెట్లు దాదాపు ఇవే. రిక్వెస్టును తెచ్చుకోవడానికి పట్టే సమయం అర నిమిషం. దాన్ని శుభ్రం చేసి, అందులో ఏది అవసరమో ఏది కాదో తెలుసుకుని, మన లాగిన్ రహస్యాలు పక్కవారి చేతికి వెళ్లకుండా చూసుకోవడమే అసలు పని. అందుకే ఆ భాగానికే ఎక్కువ చోటు ఇచ్చాను.

అభ్యాసానికి లాగిన్ అవసరం లేని, ఎవరికీ నష్టం కలిగించని రిక్వెస్టుతో మొదలుపెట్టడం మంచిది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలోని వెతుకు పెట్టె ఇందుకు చక్కగా సరిపోతుంది. అందులో రెండు మూడు అక్షరాలు టైపు చేయగానే కింద సూచనలు కనిపిస్తాయి. ఆ సూచనల కోసం బ్రౌజర్ తెర వెనక ఒక చిన్న రిక్వెస్టు పంపుతుంది. మనం పట్టుకోబోయేది దానినే.

రిక్వెస్టును పట్టుకోవడం

క్రోమ్‌లో తెలుగు వికీపీడియా మొదటి పేజీ తెరిచి ఎఫ్12 మీట నొక్కండి, లేదా కంట్రోల్, షిఫ్ట్, ఐ మూడింటినీ కలిపి నొక్కండి. తెరుచుకున్న డెవలపర్ టూల్స్‌లో ‘నెట్‌వర్క్’ అనే ట్యాబ్‌కు వెళ్లండి. ఈ ట్యాబ్ తెరిచిన తర్వాత జరిగిన రాకపోకలనే బ్రౌజర్ నమోదు చేస్తుంది, కాబట్టి ముందు దీన్ని తెరిచి, ఆ తర్వాతే పేజీలో పని చేయాలి. పని అయిపోయాక తెరిచి, జాబితా ఖాళీగా ఉందని కంగారు పడేవారిని చాలామందిని చూశాను.

పై వరుసలో రెండు టిక్కులు పెట్టుకోవడం అవసరం. మొదటిది ‘ప్రిజర్వ్ లాగ్’. లాగిన్ ఫారం లాంటివి నొక్కగానే పేజీ మారిపోతుంది, పేజీ మారితే జాబితా తుడిచిపెట్టుకుపోతుంది, ఈ టిక్కు ఉంటే పాత వరుసలు నిలిచి ఉంటాయి. రెండవది ‘డిజేబుల్ క్యాష్’. ఇది లేకపోతే బ్రౌజర్ తన దగ్గర దాచుకున్న పాత జవాబును ఆధారం చేసుకుని, ‘నా దగ్గర ఉన్నది మారిందా’ అని అడిగే ‘ఇఫ్ నన్ మ్యాచ్’ హెడర్‌ను జోడించవచ్చు. ఆ హెడర్ పోస్ట్‌మ్యాన్‌లోకి కూడా వస్తే, సర్వర్ 304 అనే కోడ్‌తో ఖాళీ జవాబు ఇస్తుంది. రిక్వెస్టు సరిగానే ఉన్నా జవాబు ఎందుకు రాలేదో తెలియక గంటలు గడిచిపోతాయి.

ఆ తర్వాత వడపోత వరుసలో ‘ఫెచ్/ఎక్స్‌హెచ్‌ఆర్’ అన్నదాన్ని ఎంచుకోండి. బొమ్మలు, ఫాంట్లు, స్టైల్ ఫైళ్లు పక్కకు తప్పుకుని, పేజీలోని జావాస్క్రిప్ట్ పంపిన రిక్వెస్టులు మాత్రమే మిగులుతాయి. ఇప్పుడు వెతుకు పెట్టెలో ‘వేమన’ అని టైపు చేయండి. మీరు అక్షరాలు జోడించే కొద్దీ కొత్త వరుసలు చేరుతుంటాయి. చివరి వరుసను నొక్కితే పక్కన హెడర్లు, పేలోడ్ (పంపిన సమాచారం), రెస్పాన్స్ (జవాబు) అనే భాగాలు కనిపిస్తాయి. రెస్పాన్స్‌లో వ్యాసాల పేర్లు కనిపిస్తే మనకు కావలసిన వరుస అదేనని రూఢి చేసుకోవచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పేజీ ఒక డొమైన్‌లో, ఏపీఐ మరో డొమైన్‌లో ఉన్నప్పుడు, ఒకే చిరునామాతో రెండు వరుసలు కనిపించవచ్చు. వాటిలో ఒకటి ‘ఆప్షన్స్’ పద్ధతిలో వెళ్లిన ప్రీఫ్లైట్. అసలు రిక్వెస్టు పంపవచ్చా అని బ్రౌజర్ ముందుగా అడిగే అనుమతి అది, దానిలో సమాచారం ఏదీ ఉండదు. కాపీ చేయవలసింది ఆప్షన్స్ కాని వరుసను. జాబితా పైన ఉన్న శీర్షికల మీద కుడి క్లిక్ చేసి ‘మెథడ్’ అనే నిలువు వరుసను చూపించుకుంటే ఈ పొరపాటు జరగదు. అలాగే గ్రాఫ్‌క్యూఎల్ అనే ఏపీఐ పద్ధతిని వాడే సైట్లలో అన్ని రిక్వెస్టులూ ఒకే చిరునామాకు వెళ్తాయి కనుక వరుస పేరు చూసి ఏదీ పోల్చుకోలేం, పేలోడ్‌లోని ‘ఆపరేషన్ నేమ్’ చూసి ఎంచుకోవాలి.

కర్ల్ రూపంలో తరలించడం

స్వీడన్‌కు చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్ 1998లో కర్ల్ పేరుతో విడుదల చేసిన కమాండ్‌లైన్ ప్రోగ్రాం ఇవాళ వెబ్ రిక్వెస్టులను రాసిపెట్టుకునే ఉమ్మడి లిపిగా మారింది. బ్రౌజర్లు ఆ రూపంలో రాసి ఇస్తాయి, టెస్టింగ్ టూల్స్ ఆ రూపాన్ని చదువుతాయి. మధ్యలో మనం చేతితో ఎత్తిరాయవలసినది ఏదీ ఉండదు.

మనకు కావలసిన వరుస మీద కుడి క్లిక్ చేసి, ‘కాపీ’ మీదికి వెళ్లి, ‘కాపీ యాజ్ కర్ల్’ ఎంచుకోండి. విండోస్‌లో ఇది రెండు రకాలుగా కనిపిస్తుంది: ఒకదాని చివర సీఎండీ అని, మరొకదాని చివర బ్యాష్ అని ఉంటుంది. విండోస్ వాడుతున్నాం కదా అని సీఎండీ ఎంచుకోవడం సహజంగా తోచినా, పోస్ట్‌మ్యాన్‌లోకి తేవడానికి బ్యాష్‌నే ఎంచుకోవాలి. సీఎండీ రూపంలో కొటేషన్ గుర్తుల ముందూ వరుసల చివరా విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌కు మాత్రమే అర్థమయ్యే టోపీ గుర్తులు వస్తాయి. అవి రిక్వెస్టు బాడీలో (అసలు సమాచారం ఉండే భాగం) ఉన్న జేసన్‌లో (సమాచారాన్ని రాసే ఒక పాఠ్య రూపం) కలిసిపోతే, సర్వర్ దాన్ని తప్పు జేసన్ అని తిప్పి పంపుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో ‘కాపీ వ్యాల్యూ’ కింద ఇలాంటి ఎంపికే పాసిక్స్, విండోస్ అనే పేర్లతో ఉంటుంది, అక్కడ పాసిక్స్ తీసుకోవాలి. సఫారీలో అయితే ముందు సెట్టింగుల్లోకి వెళ్లి డెవలప్ మెనూ కనిపించేలా చేసుకోవాలి.

ఇప్పుడు పోస్ట్‌మ్యాన్ తెరిచి ‘ఇంపోర్ట్’ బటన్ నొక్కి, వచ్చిన పెట్టెలో కాపీ చేసినదాన్ని అతికించండి. చిరునామా, పద్ధతి, హెడర్లు, బాడీ అన్నీ తమ తమ గళ్లలో కూర్చుంటాయి. ‘సెండ్’ నొక్కితే 200 (అంతా సరే) కోడ్‌తో, బ్రౌజర్‌లో చూసిన జవాబే రావాలి. ఈ దశలో ఏదీ మార్చకూడదు. తెచ్చినది తెచ్చినట్టుగా పనిచేస్తుందని ముందు నిర్ధారించుకుంటేనే, తర్వాత మనం తీసివేసిన దాని వల్ల తప్పు వచ్చిందా, మొదటి నుంచే ఉందా అన్నది తెలుస్తుంది. జవాబు బాగున్నప్పుడు ఆ రిక్వెస్టును ఒక కలెక్షన్‌లో (రిక్వెస్టులను కలిపి దాచుకునే చోటు) సేవ్ చేసి, దానికి ఒక నకలు తీసి, నకలు మీద మాత్రమే మార్పులు చేయడం నేను తప్పకుండా పాటించే నియమం.

చిరునామాను ఒకసారి పరిశీలించండి. మీరు టైపు చేసిన ‘వేమన’ అక్కడ కనిపించదు. దాని స్థానంలో శాతం గుర్తులతో మొదలయ్యే జంటలు వరుసగా ఉంటాయి. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ 3 బైట్లు పడతాయి. ‘వేమన’లో వ, ఏత్వం, మ, న అనే 4 సంకేతాలున్నాయి కాబట్టి 12 బైట్లు అవుతాయి. చిరునామాలో ఒక్కో బైటునూ శాతం గుర్తుతో కలిపి 3 గుర్తులుగా రాస్తారు కనుక మొత్తం 36 గుర్తులు. ఆ భాగాన్ని ఎంచుకుని కుడి క్లిక్ చేస్తే దాన్ని విప్పి చూపే డీకోడ్ ఎంపిక ఉంటుంది. చిరునామాలో శాతం గుర్తు వెంట ‘25’ అనే అంకె పదే పదే కనిపిస్తే, ఒకసారి మార్చినదాన్ని మళ్లీ మార్చారని అర్థం. శాతం గుర్తే తిరిగి సంకేతంగా మారినప్పుడు అలా అవుతుంది, ఆ రిక్వెస్టుకు సర్వర్ ఖాళీ జాబితాను ఇస్తుంది.

కత్తిరింపు

బ్రౌజర్ ప్రతి రిక్వెస్టుకూ ఇరవై దాకా హెడర్లు జోడిస్తుంది. వాటిలో సర్వర్ నిజంగా చూసేవి చాలా సందర్భాల్లో మూడో నాలుగో ఉంటాయి. అన్నింటినీ అలాగే ఉంచి కలెక్షన్‌లో దాచుకుంటే, ఆరు నెలల తర్వాత దాన్ని తెరిచినవారికి ఏది అవసరమో ఏది అలంకారమో తెలియదు. ఏపీఐ ఎలా పనిచేస్తుందో నేర్చుకునేది ఈ కత్తిరింపులోనే.

‘సెక్’ అనే పదంతో మొదలయ్యే హెడర్లు మొదట తీసేయవచ్చు. వాటిలో కొన్ని బ్రౌజర్ ఏ రకమో, ఏ ఆపరేటింగ్ సిస్టమో చెప్తాయి, కొన్ని రిక్వెస్టు ఏ సైటు నుంచి బయలుదేరిందో చెప్తాయి. ‘ప్రయారిటీ’, ‘డీఎన్‌టీ’ వంటివి కూడా చాలా ఏపీఐలకు అక్కరలేదు. పోస్ట్‌మ్యాన్‌లో ప్రతి హెడర్ పక్కనా ఒక టిక్కు ఉంటుంది, హెడర్‌ను చెరిపేయకుండా ఆ టిక్కు మాత్రమే తీసి పంపి చూడండి. జవాబు మారకపోతే అది అవసరం లేనిదే. ఒక్కొక్కటిగా తీయడం విసుగు అనిపిస్తే సగానికి సగం తీసి చూడండి. తప్పు వస్తే ఆ సగంలో కావలసినది ఉన్నట్టు, రాకపోతే ఆ సగం మొత్తం వదిలేయవచ్చు. అవసరమైనది ఒక్కటే అయితే, ఇరవై హెడర్లలో దాన్ని ఇలా నాలుగైదు ప్రయత్నాల్లో తేల్చవచ్చు.

అయితే పేరు చూసి గుడ్డిగా తీసేయకూడదు. ‘రెఫరర్’ హెడర్ ఎందుకూ పనికిరానిదిగా కనిపిస్తుంది. కానీ జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌తో రాసిన సైట్లలో హెచ్‌టీటీపీఎస్ మీద పోస్ట్ పద్ధతిలో వచ్చే రిక్వెస్టుకు ‘ఆరిజిన్’ హెడర్ లేకపోతే, రెఫరర్ సరిగా ఉందో లేదో సర్వర్ తనిఖీ చేస్తుంది, రెండూ లేకపోతే 403 (అనుమతి లేదు) కోడ్‌తో తిప్పి పంపుతుంది. ‘యాక్సెప్ట్’ హెడర్ తీసేస్తే కొన్ని సర్వర్లు జేసన్‌కు బదులు హెచ్‌టీఎంఎల్ పేజీ పంపుతాయి. ‘ఎక్స్ రిక్వెస్టెడ్ విత్’ అనే పాత హెడర్‌ను ఇప్పటికీ చూసి నిర్ణయం తీసుకునే అప్లికేషన్లు ఉన్నాయి. అందుకే ఒక్కో తీసివేతా ఒక ప్రయోగం కావాలి.

హెడర్లను చేత్తో ఎత్తి రాసుకునేవారు మరో రెండు విషయాలు గమనించాలి. కోలన్ గుర్తుతో మొదలయ్యే అథారిటీ, మెథడ్, పాత్, స్కీమ్ అనేవి హెచ్‌టీటీపీ 2వ వెర్షన్‌లోని అంతర్గత గుర్తులు, వాటిని మామూలు హెడర్లుగా పంపకూడదు. ‘కంటెంట్ లెంగ్త్’ అసలే తేకూడదు. బాడీ మార్చిన తర్వాత కూడా పాత పొడవే వెళ్తే, సర్వర్ బాడీని మధ్యలో తెంచి చదువుతుంది, లేదా మిగిలిన బైట్ల కోసం ఎదురుచూస్తూ ఉండిపోతుంది. ఆ లెక్కను పోస్ట్‌మ్యాన్ తానే చూసుకుంటుంది.

నిజంగా ఏమి వెళ్లిందో తెలుసుకోవడానికి పోస్ట్‌మ్యాన్ కన్సోల్‌ను తెరిచి ఉంచుకోవాలి. కంట్రోల్, ఆల్ట్, సీ కలిపి నొక్కితే అది వస్తుంది. మనం రాసిన హెడర్లే కాక టూల్ తన వంతుగా జోడించినవి కూడా అందులో కనిపిస్తాయి. దాన్నీ బ్రౌజర్‌లోని హెడర్ల జాబితానూ పక్కపక్కన పెట్టుకుని చూడడం, ‘బ్రౌజర్‌లో వస్తోంది, ఇక్కడ రావడం లేదు’ అనే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగాన్ని తేల్చేస్తుంది.

లాగిన్ ఉన్న సైట్లు

వికీపీడియా వెతుకు పెట్టెకు లాగిన్ అక్కరలేదు కాబట్టి కథ అక్కడితో ముగిసింది. మన ఆఫీసు అప్లికేషన్లలో అలా ఉండదు. లాగిన్ అయిన తర్వాత మనమెవరో గుర్తు చేసే సమాచారం రెండు దారుల్లో వెళ్తుంది: ‘ఆథరైజేషన్’ హెడర్‌లో టోకెన్‌గా (గుర్తింపు పత్రం లాంటి అక్షరాల వరుస), లేదా కుకీలో (సైటు బ్రౌజర్‌లో దాచే చిన్న సమాచారం) సెషన్ సంఖ్యగా. కర్ల్‌గా కాపీ చేసినప్పుడు ఈ రెండూ కూడా వచ్చేస్తాయి. జావాస్క్రిప్ట్‌కు అందకుండా దాచిన కుకీలు సైతం ఇందులో ఉంటాయి. కనుక మీరు కాపీ చేసిన ఆ పది పన్నెండు వరుసలు ఎవరి చేతికి వెళ్లినా, పాస్‌వర్డ్ అవసరం లేకుండానే వారు మీ పేరుతో ఆ సైటులోకి వెళ్లగలరు.

టోకెన్ మూడు భాగాలుగా, మధ్యలో చుక్కలతో కనిపిస్తే అది జేడబ్ల్యూటీ (జేసన్ వెబ్ టోకెన్). దాని మధ్య భాగాన్ని ఏ తాళమూ లేకుండానే విప్పి చదవవచ్చు. అందులో ‘ఎక్స్‌పీ’ అనే అంకె టోకెన్ గడువును 1970 జనవరి 1 నుంచి లెక్కించిన సెకన్లలో చెప్తుంది. నిన్న పనిచేసిన రిక్వెస్టు ఈ రోజు 401 (లాగిన్ గుర్తింపు చెల్లలేదు) ఇస్తే ముందు చూడవలసినది ఈ అంకెను. అలాంటి టోకెన్‌ను ఆన్‌లైన్‌లో కనిపించిన ఏదో ఒక సైటులో అతికించి విప్పడం మంచిది కాదు, బ్రౌజర్ కన్సోల్‌లోనే మధ్య భాగాన్ని విప్పుకోవచ్చు.

కుకీల విషయంలో పోస్ట్‌మ్యాన్‌కు సొంత కుకీ డబ్బా ఉంటుంది. సర్వర్ ఇచ్చిన కుకీలను అది డొమైన్ వారీగా దాచి, తర్వాతి రిక్వెస్టులకు జోడిస్తుంది. మనం ఇంపోర్ట్ చేసిన రిక్వెస్టులో ‘కుకీ’ హెడర్ ఉండి, డబ్బాలో అదే డొమైన్‌కు పాత కుకీ కూడా ఉంటే, ఏది వెళ్లిందో తెలియని అయోమయం మొదలవుతుంది. రెండింటిలో ఒకదాన్నే ఉంచాలి. నేనైతే హెడర్‌ను తీసేసి, లాగిన్ రిక్వెస్టును కూడా అదే కలెక్షన్‌లోకి తెచ్చి, దాని ద్వారా కుకీ తాజాగా వచ్చేలా చేసుకుంటాను.

పోస్ట్ పద్ధతిలో పంపే వాటిలో ఇంకో అడ్డు తగులుతుంది. వేరే సైటు మన పేరుతో ఫారం పంపకుండా ఆపే సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ అది. జాంగోలో ఒక కుకీలోని విలువ, ఒక హెడర్‌లోని విలువ సరిపోలాలి. లారవెల్ అనే మరో ఫ్రేమ్‌వర్క్‌లో సరిపోలకపోతే 419 అనే కోడ్ వస్తుంది. లారవెల్ ఇచ్చే కుకీలోని విలువ శాతం గుర్తులతో మార్చి ఉంటుంది, దాన్ని విప్పిన తర్వాతే హెడర్‌లో పెట్టాలి, లేకపోతే చూడడానికి రెండూ ఒకటిగానే ఉన్నా సర్వర్ ఒప్పుకోదు. క్రోమ్‌లోని కుకీల పట్టికలో విప్పిన విలువను చూపే టిక్కు ఉంది.

ఇక ఫైలు పంపే ఫారాలు. వాటిని కర్ల్‌గా తెచ్చినప్పుడు ఫైలులోని అసలు బైట్లు రావు, వచ్చినా చెడిపోయి వస్తాయి. పోస్ట్‌మ్యాన్‌లో బాడీని ‘ఫారం డేటా’గా మార్చి, ఫైలును మళ్లీ ఎంచుకుని, ఇంపోర్ట్ అయిన ‘కంటెంట్ టైప్’ హెడర్‌ను తీసేయాలి. ఆ హెడర్‌లో భాగాలను విడదీసే ఒక సరిహద్దు గుర్తు ఉంటుంది. బ్రౌజర్ పెట్టిన పాత గుర్తు, పోస్ట్‌మ్యాన్ పెట్టే కొత్త గుర్తు వేరు కావడం వల్ల సర్వర్‌కు ఫైలు కనిపించదు. నేను ఈ ఒక్క కారణం దగ్గర పూర్తిగా ఒక మధ్యాహ్నం కోల్పోయాను, అందుకే దీన్ని ప్రత్యేకంగా చెప్తున్నాను.

ఒకటికి మించిన రిక్వెస్టులు

ఆర్డరు పెట్టడం లాంటి పనిలో ఆరేడు రిక్వెస్టులు ఒకదాని వెంట ఒకటి వెళ్తాయి. వాటన్నిటినీ విడివిడిగా కాపీ చేయడం కన్నా హార్ ఫైలుగా (బ్రౌజర్ రాకపోకలన్నిటినీ నమోదు చేసిన ఫైలు) దించుకోవడం సులువు. ముందు నెట్‌వర్క్ జాబితాను ఖాళీ చేసి, అవసరమైన పని మాత్రమే చేసి, వెంటనే కింది బాణం గుర్తుతో ఎగుమతి చేయాలి. హార్ అనేది జేసన్ రూపంలోని ఫైలే, ఏ ఎడిటర్‌లోనైనా తెరిచి చదవవచ్చు. ఇన్‌సామ్నియా దాన్ని నేరుగా తీసుకుంటుంది. లోడ్ టెస్టింగ్‌కు వాడే కే6 కోసం హార్ నుంచి స్క్రిప్టు తయారుచేసే కన్వర్టర్ ఉంది.

పోస్ట్‌మ్యాన్ వాడేవారికి ఇంటర్‌సెప్టర్ అనే క్రోమ్ ఎక్స్‌టెన్షన్ మరో దారి. దాన్ని కలిపి, ఫలానా డొమైన్ మాత్రమే అని వడపోత పెట్టి, బ్రౌజర్‌లో పని చేసుకుంటూ పోతే రిక్వెస్టులు వాటంతట అవే పోస్ట్‌మ్యాన్‌లో చేరుతాయి. వడపోత పెట్టకపోతే పక్క ట్యాబ్‌లో తెరిచి ఉన్న మెయిల్, బ్యాంకు పేజీల రాకపోకలు కూడా వచ్చి పడతాయి. మొబైల్ యాప్ రిక్వెస్టులకైతే పోస్ట్‌మ్యాన్ తన సొంత ప్రాక్సీని (రాకపోకలు తన గుండా వెళ్లేలా మధ్యలో ఉండే సర్వర్) మామూలుగా 5555 పోర్టు మీద నడుపుతుంది. అందుకు ఫోనులో ఒక సర్టిఫికెట్ పెట్టుకోవాలి, పని ముగిసిన వెంటనే దాన్ని ఫోను నుంచి తీసేయడం మరవకూడదు.

హార్ ఫైలు ఎంత ప్రమాదకరమో చెప్పడానికి 2023 అక్టోబరులో బయటపడిన ఒక్తా ఘటన చాలు. లాగిన్ సేవలు అందించే ఆ సంస్థ సహాయ విభాగానికి ఖాతాదారులు సమస్య వివరించడానికి పంపిన హార్ ఫైళ్లను దుండగులు చేజిక్కించుకున్నారు. వాటిలోని సెషన్ టోకెన్లతో క్లౌడ్‌ఫ్లేర్, వన్‌పాస్‌వర్డ్, బియాండ్‌ట్రస్ట్ వంటి సంస్థల ఖాతాల్లోకి వెళ్లే ప్రయత్నం జరిగింది. భద్రతే వృత్తిగా ఉన్న సంస్థల మనుషులు కూడా అంత మామూలుగా ఆ ఫైళ్లను పంపారంటే, మనం మరింత జాగ్రత్తగా ఉండాలి. 2024లో వచ్చిన క్రోమ్ 130వ వెర్షన్ నుంచి ఎగుమతి చేసిన హార్ ఫైలులో కుకీ, ఆథరైజేషన్ హెడర్లు మామూలుగా ఉండవు, కావాలంటే సెట్టింగుల్లో ప్రత్యేకంగా అనుమతించాలి. దీని వల్ల హార్ నుంచి ఇంపోర్ట్ చేసిన రిక్వెస్టులకు 401 రావడం మామూలే. ఆ అనుమతి ఇచ్చే బదులు, టోకెన్‌ను టూల్‌లోనే వేరుగా జోడించడం సరైన పద్ధతి. బాడీలోనూ చిరునామాలోనూ ఉన్న రహస్యాలను మాత్రం ఈ శుద్ధి పట్టించుకోదు, వాటిని మనమే వెతికి తీయాలి.

రహస్యాలను వేరు చేయడం

పోస్ట్‌మ్యాన్‌ను అభినవ్ అస్థానా 2012లో ఒక చిన్న క్రోమ్ యాప్‌గా మొదలుపెట్టారు, 2014లో బెంగళూరులో సంస్థ ఏర్పడింది. ఆ తొలి రోజుల్లో అది మన యంత్రంలో ఉండే పనిముట్టు. ఇప్పుడది అకౌంటుతో ముడిపడి, సేవ్ చేసిన కలెక్షన్లు వారి సర్వర్లకు చేరే పద్ధతిలో పనిచేస్తోంది. టీముతో పంచుకోవడానికి ఇది సౌకర్యం, టోకెన్ అలాగే ఉన్న రిక్వెస్టును సేవ్ చేసినప్పుడు ఇదే సమస్య. ఏ కారణం చేతనైనా కలెక్షన్ మీ యంత్రం దాటి వెళ్లకూడదనుకుంటే, ప్రతి రిక్వెస్టునూ మీ ఫోల్డరులోనే ఒక ఫైలుగా దాచే బ్రూనో మంచి ప్రత్యామ్నాయం.

ఇంపోర్ట్ అయిన రిక్వెస్టు ఉన్నదున్నట్టు పనిచేసిందని చూసుకోగానే, సేవ్ చేయడానికి ముందే, మూడు వాటిని వేరియబుల్స్‌గా మార్చండి: సర్వర్ చిరునామా, టోకెన్, వినియోగదారుని గుర్తించే సంఖ్యలు. రెండేసి మీసాల బ్రాకెట్ల మధ్య పేరు రాస్తే పోస్ట్‌మ్యాన్ దాన్ని వేరియబుల్‌గా తీసుకుంటుంది. అప్పుడు అదే రిక్వెస్టును డెవలప్‌మెంట్, టెస్ట్, అసలు సర్వర్లకు ఎన్విరాన్‌మెంట్ (ఆ వేరియబుల్స్ విలువల సముదాయం) మార్చుకుని పంపవచ్చు. టోకెన్ అసలు విలువను మాత్రం టీముతో పంచుకునే విలువగా కాక, మీ యంత్రంలోనే ఉండే విలువగా, లేదా పోస్ట్‌మ్యాన్ వాల్ట్‌లో (రహస్యాలు దాచే చోటు) దాచండి.

అసలు సర్వర్ మీదికి పోస్ట్, పుట్, డిలీట్ రిక్వెస్టులను మళ్లీ పంపే ముందు ఒక క్షణం ఆగాలి. బ్రౌజర్‌లో ఒకసారి జరిగిన పని ‘సెండ్’ నొక్కిన ప్రతిసారీ మళ్లీ జరుగుతుంది: ఆర్డరు రెండోసారి నమోదవుతుంది, మెసేజీ రెండోసారి వెళ్తుంది, డబ్బు రెండోసారి కదలవచ్చు. కత్తిరింపు ప్రయోగాలన్నీ టెస్ట్ సర్వర్ మీదే చేయాలి. అలాగే మనది కాని, అనుమతి లేని సైటుకు ఇదంతా చేయడం తప్పు. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్ వ్యవస్థలోకి వెళ్లడాన్ని 2000 నాటి మన ఐటీ చట్టంలోని 43వ సెక్షన్ నష్టపరిహారం చెల్లించవలసిన తప్పుగా చూస్తుంది, దాన్ని మోసపూరితంగా చేస్తే 66వ సెక్షన్ నేరంగా చూస్తుంది. బ్రౌజర్‌లో పనిచేసి బయట అడ్డుకోబడే సైట్లు కొన్ని బాట్లను ఆపే తనిఖీలు పెట్టుకుంటాయి. మీ సంస్థ సైటే అయితే ఆ తనిఖీ లేని టెస్ట్ సర్వర్‌ను టీమును అడిగి తీసుకోండి, దాన్ని దాటవేసే ఉపాయాలు వెతకకండి.

రిక్వెస్టు చేతికి వచ్చాక

ఇప్పుడు ఫారం అడ్డు లేదు. తెర మీద ఫారం ఒప్పుకోని విలువలను కూడా నేరుగా సర్వర్‌కు పంపి చూడవచ్చు: ఖాళీ పేరు, రుణాత్మక సంఖ్య, లేని తేదీ. తెలుగువారి కోసం తయారయ్యే అప్లికేషన్లలో నేను తప్పక చేసే పరీక్ష ఒకటి ఉంది. బాడీలో పేరు ఉన్న చోట ‘వెంకటేశ్వర్లు’ అని రాసి పంపుతాను. చదివేవారి కంటికి అవి ఐదు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో 13 సంకేతాలు. యూటీఎఫ్-8లో 39 బైట్లు. ఒరాకిల్ డేటాబేసులో వర్చార్2 (అక్షరాలు దాచే గడి రకం) పొడవును వేరుగా చెప్పకపోతే బైట్లలోనే లెక్కిస్తారు కాబట్టి, 30 అని పెట్టిన గడిలో ఈ పేరు పట్టదు. మైఎస్‌క్యూఎల్ సంకేతాలను లెక్కిస్తుంది కనుక పడుతుంది. ఫారంలోని జావాస్క్రిప్ట్ మరో లెక్క వేసి ‘సరే’ అంటుంది, సర్వర్ 500 (సర్వర్ లోపం) కోడ్‌తో కూలిపోతుంది. తన సొంత పేరును తన భాషలో రాసుకోలేని మనిషికి కలిగే బాధను ఇంత చిన్న పరీక్షతో ముందే తప్పించవచ్చు.

ఇదే అవకాశంగా జవాబు కోడ్ 200 వచ్చిందా, పంపిన పేరు చెక్కుచెదరకుండా తిరిగి వచ్చిందా అని చూసే రెండు వరుసల టెస్టును స్క్రిప్ట్ భాగంలో రాసిపెట్టండి. వచ్చే నెల ఎవరో డేటాబేసు మార్చినప్పుడు అది అక్కరకొస్తుంది.

లోపం దొరికితే, కత్తిరించిన రిక్వెస్టును కోడ్ బటన్ ద్వారా మళ్లీ కర్ల్‌గా మార్చి బగ్ రిపోర్టుకు జోడించండి. బ్రౌజర్ ఇచ్చిన ముప్పై వరుసల బదులు నాలుగు వరుసలు ఉంటాయి, డెవలపర్ దాన్ని అతికించి వెంటనే లోపాన్ని చూడగలుగుతారు. ఈ మార్పిడిలో వేరియబుల్స్ స్థానంలో అసలు విలువలు వచ్చి చేరవచ్చు కాబట్టి, రిపోర్టులో అతికించే ముందు టోకెన్ ఉన్న చోట ‘ఇక్కడ మీ టోకెన్’ అని చేత్తో రాయాలి. పని పూర్తయ్యాక బ్రౌజర్‌లో లాగౌట్ అవ్వండి. కుకీ మీద నడిచే సెషన్ అయితే సాధారణంగా అంతటితో సర్వర్ దగ్గర ముగిసి, ఎక్కడైనా మిగిలిపోయిన నకలు కూడా పనికిరాకుండా పోతుంది. జేడబ్ల్యూటీ అయితే చాలా వ్యవస్థల్లో లాగౌట్ తర్వాత కూడా గడువు తీరేదాకా బతికే ఉంటుంది కనుక, పొరపాటున అది బయటికి పోయిందని అనుమానం వస్తే గడువు కోసం ఆగకుండా సర్వర్ చూసుకునేవారికి వెంటనే చెప్పి రద్దు చేయించాలి.